చింతపిక్కకు డాక్టరేట్

దేశంలో ఇకమీదట ఏ గింజనూ ఉమ్మేయకూడదని చట్టం తేవాలి. నేరేడు గింజ, చింతపిక్క, మామిడి జీడి, బొప్పాయి గింజ... మనం చెత్తబుట్టలో పారేసినవన్నీ ఎక్కడో ఒక ల్యాబులో మిథనాల్ అనే ద్రావకంలో నానుతున్నాయి. వాటిలో యాంటీ ఆక్సిడెంట్లు, అంటే ఆక్సీకరణ చెరుపుని అడ్డుకునే పదార్థాలు, ఉన్నాయని తేలుతోంది. లేవని తేలిన గింజ ఒక్కటీ నాకింతవరకు తారసపడలేదు.

పద్ధతి తెలిస్తే మీకూ గౌరవం పెరుగుతుంది. ముందు గింజల్ని నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే వడియాలకి పనికొస్తాయేమో గానీ థీసిస్‌కి పనికిరావు. మిక్సీ పట్టి, హెక్సేన్‌తో నూనె తీసేసి, మిగిలిన పిండిని సాక్స్‌లెట్ పరికరంలో గంటల తరబడి మిథనాల్‌తో కడగాలి. 1879లో సాక్స్‌లెట్ మహాశయుడు దీన్ని పాలలో వెన్న శాతం చూడటానికి తయారుచేశాడు, చింతపిక్క యోగం ఆయనకేం తెలుసు! చివరికి మిథనాల్ ఎగరగొడితే ఫ్లాస్కు అడుగున ముదురు గోధుమరంగు జిగురు మిగులుతుంది. మానవజాతి భవిష్యత్తు అందులోనే ఉంది కాబట్టి జాగ్రత్తగా గీకాలి.

అసలు ఘట్టం డీపీపీహెచ్ టెస్టు. 1958లో బ్లోయిస్ అనే శాస్త్రవేత్త చెప్పినది. డీపీపీహెచ్ చిక్కటి ఊదారంగు ఫ్రీ రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో తిరిగే అణువు. జిగురులోని ఫినాల్స్ అనే యాంటీ ఆక్సిడెంట్లు దానికి ఓ హైడ్రోజన్ ఇస్తే శాంతించి పసుపు రంగుకి దిగుతుంది. అరగంట చీకట్లో ఉంచి, 517 నానోమీటర్ల దగ్గర ఎంత ఊదా పోయిందో చూస్తారు. పోయిందా, ఇక షుగరు, క్యాన్సరు, గుండెజబ్బు, ముసలితనం అన్నీ పేపరు చివరి పేరాలో చేతులెత్తేస్తాయి. మన ఒంట్లో డీపీపీహెచ్ ఉండదు కదా అని వైవాలో ఎవరైనా అడిగితే అది ఒంటి లోపం. పాలీఫినాల్స్‌ని పేగులు సరిగ్గా పీల్చుకోకపోతే పేగుల తప్పు. టెస్టునెందుకు ఆడిపోసుకోవడం?

పోలికకి పక్కన విటమిన్ సి ని పెడతారు. ఊదాని సగానికి దించడానికి కావాల్సిన మోతాదు ఐసీ-50. అది ఎంత తక్కువైతే అంత గొప్ప. చాలాసార్లు విటమిన్ సి అంకె చిన్నది, గింజ అంకె పెద్దది. ఇలాంటప్పుడు 'చెప్పుకోదగ్గ చర్య కనబరిచింది' అని రాస్తారు. మార్కుల ఊసెత్తకుండా 'పిల్లాడు బుద్ధిమంతుడండీ' అనే మేష్టారి మర్యాద అది. మొత్తం ఫినాల్స్ లెక్కకి ఫోలిన్ రియేజెంటు అనే పరీక్ష ద్రావణం వాడతారు. ఫినాల్ తగిలితే నీలంగా మారుతుంది, విటమిన్ సి తగిలినా మారుతుంది, కొన్ని చక్కెరలకీ మారుతుంది. దానిది పెద్ద మనసు.

గిట్టనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఫిన్లాండ్‌లో 29 వేల పైచిలుకు పొగతాగే మగవాళ్ల మీద జరిగిన ట్రయల్ ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ కనపడిందట. కంపెనీలు వ్యాపారానికి వాడుకుంటున్నాయని అమెరికా వ్యవసాయ శాఖ ఆహారపదార్థాల యాంటీ ఆక్సిడెంట్ పట్టికని 2012లో తన వెబ్‌సైట్‌లోంచే తీసిపారేసింది. ఇంత నిరాశావాదం పనికిరాదు.

ఇంకొందరైతే ఆ యాంటీ ఆక్సిడెంట్లు గింజ తన కోసం దాచుకున్నవి అంటారు. లోపలి నూనె పాడవకుండా, పురుగు ముట్టకుండా దాని ఏర్పాట్లు దానివట. నువ్వుల నూనె అంత త్వరగా మక్కు వాసన కొట్టదంటే అందులో సెసమోల్ లాంటివాటి పుణ్యమే. నిజమే కావచ్చు. కానీ నువ్వులు ఆ సంగతి ఏ జర్నల్‌లోనూ అచ్చేయించుకోలేదు కాబట్టి ఆ ఘనత వాటికి దక్కదు.

సీతాఫలం గింజలు నూరి పేలకి పట్టించేవాళ్లు మా పెద్దవాళ్లు. కంట్లో పడితే కన్ను పోతుందే అని కేకలేసేవాళ్లు కూడా. టెస్టుకి ఈ గొడవేం అక్కర్లేదు, ఊదా పోతే చాలు. కొత్త టాపిక్ దొరికిందని సంబరపడి తెలిసిన గైడుగారికి ఫోన్ చేశాను.

"గింజ, తొక్క, ఆకు ముగ్గురికి ఇచ్చేశామండీ. వేరు ఖాళీగా ఉంది, మీవాళ్లెవరైనా ఉన్నారా?" అన్నారాయన.