రెండో ఏటి చందా

ప్రకటనల జోలికి పోకుండా పాఠకుల డబ్బుతోనే తెలుగు వార్తా సంస్థ నడపాలన్న ఆలోచనను మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టిన హైదరాబాద్‌లో అలాంటి సంస్థ నిలబడాలి. అయితే నిలుస్తుందో లేదో మొదటి ఏడాది ఉత్సాహంలో తేలదు. రెండో ఏడు చందా మళ్లీ కట్టేదెందరో చూస్తేనే తేలుతుంది.

లెక్క వేద్దాం. ఆరుగురు సిబ్బంది, సగటు జీతం నెలకు 40 వేలు. అద్దె, సర్వర్లు, ప్రయాణాలు, లాయరు ఫీజు కలిపి మరో లక్షా 10 వేలు. ఏడాదికి 42 లక్షలు. చందా 999 రూపాయలు పెడితే 18 శాతం జీఎస్టీ పోను 847 మిగులుతుంది. ఆన్‌లైన్ చెల్లింపులు జరిపే పేమెంట్ గేట్‌వే రుసుము రెండు శాతం పోతే చేతికొచ్చేది 827. అంటే దాదాపు 5,100 మంది కావాలి. పదిమందిలో నలుగురు జారిపోతే, ఉన్నచోట ఉండడానికే ఏటా రెండు వేల పైచిలుకు కొత్తవాళ్లు రావాలి. అచ్చు పత్రికకు లేని జీఎస్టీ ఫోన్‌లో చదివే వార్తకు వేయడం అన్యాయం, తీసేయాలి.

జారిపోయేవాళ్లంతా అలిగి వెళ్లినవాళ్లు కారు. ఖాతాలోంచి చందా దానంతటదే కట్ అయ్యే నెలవారీ యూపీఐ ఆటోపే అంటే ఏడాదికి పన్నెండుసార్లు ఫెయిలయ్యే అవకాశం. 28వ తేదీన చాలా ఖాతాల్లో నిల్వ ఉండదు. ఆటోపే తేదీని జీతాలు పడ్డాక 3, 7 తేదీల మధ్య పెట్టుకోవాలి. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ వెళ్లాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. నెలంతా కబురు లేక ఆ ఒక్క మెసేజే వస్తే పాఠకుడు ఆటోపే రద్దు చేసేస్తాడు. ఏం రాశాం, దేనికెంత ఖర్చయింది అని చెప్పే ఉత్తరం దానికి రెండు రోజుల ముందే అందాలి.

ఆ ఉత్తరంలో చెప్పుకోదగ్గ పని ఉండాలి మరి. ఒక చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు పూర్తిగా నిండితే నీరు చేరే హద్దు, మీద కథనమే తీసుకోండి. గ్రామ నక్షా, సర్వే నంబర్లు, వాటి ఈసీలు (ఆ భూమిపై జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రాలు), లేఅవుట్ అనుమతి పక్కపక్కన పెట్టి చదవాలి. కాగితం ఇవ్వకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు, 30 రోజుల ఎదురుచూపు, ఆపైన అప్పీలు. పాత నక్షాను ఉపగ్రహ చిత్రం మీద పరిచేటప్పుడు నాలుగు గజాలు జరిగినా ఎవరిదో సొంతిల్లు ఆక్రమణగా కనిపిస్తుంది. అందుకని కట్ట, తూము లాంటి కదలని గుర్తులతో సరిచూసుకోవాలి. నెలన్నర పని. రోజుకు నలభై ప్రెస్‌నోట్లు పెట్టే సైట్‌కు ఎవరూ డబ్బు కట్టరు, దీనికి కడతారు.

ప్రవాసుల డబ్బు దగ్గర జాగ్రత్త. మన భాషలో వినాయక చవితికి ఇచ్చేదీ చందాయే, పత్రికకు కట్టేదీ చందాయే. చట్టం దగ్గర ఆ కలగాపులగం కుదరదు. భారత పౌరుడు డాలస్ నుంచి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే విరాళానికి ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక ఆయనే పంపితే అది విదేశీ విరాళం. వార్తా సంస్థలు దాన్ని తీసుకోవడం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నిషిద్ధం. సేవకు ధరగా కట్టే చందా ఆ లెక్కలోకి రాదు. అందుకే సైట్‌లో విరాళానికీ చందాకూ బటన్లు వేరు, రసీదులు వేరు ఉండాలి.

పాఠకులకూ ఒక విన్నపం. నెలకు 83 రూపాయలంటే నాలుగు ఇరానీ చాయ్‌లు. కట్టగలిగినవాళ్లు కట్టండి. వాట్సాప్ గ్రూపులో కథనాన్ని కాపీ చేసి పెట్టకుండా లింకు పంపండి. వచ్చే ఏటికి కావలసిన ఆ రెండు వేల మంది రావలసింది ఆ లింకు నొక్కినవాళ్లలోంచే.