3+4, 4+3 ఒకటి కాదు బాపూ

మా బాపు ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. హన్మకొండలో ప్రొస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) బయాప్సీ, అంటే ముక్క తీసి చేసే పరీక్ష, రిపోర్టు చేతికొచ్చిన రోజు, నేను కవరు విప్పడానికే జంకుతుంటే ఆయనే లాక్కుని కళ్లజోడు పెట్టుకున్నాడు. 'క్యాన్సర్' అనే మాట దాటేసి కిందికి పోయాడు. అక్కడ ఉంది, గ్లీసన్ స్కోర్ 7/10.

"పదికి ఏడా? ఫస్ట్ క్లాసే గదరా, మొహం అట్ల పెట్టినవెందుకు?"

ఈ పరీక్షలో మార్కులు పెరిగితేనే నష్టమని ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. ఇంకో తిరకాసేమిటంటే, స్కేలు పది దాకా ఉన్నా సూది బయాప్సీలో ఇప్పుడు ఆరు కంటే తక్కువ దాదాపు ఎవరూ వేయరు. అంటే 'పదికి ఆరు' చూసి సగానికి పైన ముదిరిందని ఏడ్చేవాళ్ల చేతిలో ఉన్నది అన్నిటికన్నా చిన్న గ్రేడు. వాళ్లలో చాలామందికి వెంటనే ఆపరేషన్ కూడా అక్కర్లేదు, పీఎస్ఏ (ప్రొస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రొటీన్ లెక్క) చూసుకుంటూ కనిపెట్టుకుని ఉండొచ్చు. ఆ ముక్క చెప్పే నాథుడు కౌంటర్ దగ్గర ఉండడు.

నా కోపం మాత్రం ఆ ఏడు మీద. ఏ ఏడు?

ముక్కలో మైక్రోస్కోపుకు కనిపించే చిన్న చిన్న గ్రంథుల అమరికను బట్టి రెండు అంకెలు వేస్తారు, వాటి మొత్తమే గ్లీసన్ స్కోర్. ముక్కలో ఎక్కువగా పరుచుకున్న తీరుది ముందు, దాని తర్వాతది వెనక. 3+4 అంటే ఎక్కువ భాగం నెమ్మదిరకం, కొంత మొండిరకం. 4+3 అంటే అదే తిరగబడింది. 2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్న ఇరవై వేల మందికి పైగా లెక్క తీశారు. ఐదేళ్ల పాటు పీఎస్ఏ మళ్లీ తలెత్తకుండా ఉన్నవాళ్లు 3+4లో 88 శాతం, 4+3లో 63 శాతం. రెండూ ఏడే! ఈ గందరగోళం పోవాలనే 2014లో పాథాలజిస్టులు (ముక్కను మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే డాక్టర్లు) షికాగోలో కూర్చుని ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడ్ గ్రూపులు ఖాయం చేశారు. 3+4 రెండో గ్రూపు, 4+3 మూడో గ్రూపు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకుంది. మా ల్యాబు దాకా ఆ కబురు రాలేదేమో.

ఫోన్ చేస్తే "టోటల్ ఏడే కదా సార్, మీ డాక్టర్‌కు తెలుస్తుంది" అన్నారు. మా డాక్టరేమో "రిపోర్టులో విడిగా రాయలేదు" అన్నాడు. మూడు రోజులు ల్యాబు చుట్టూ తిరిగి ఆ ముక్కల స్లైడ్లు, ముక్కలు పొదిగిన మైనం బ్లాకులు తీసుకుని, ఇంకొకరికి చూపిద్దామని కాజీపేటలో రైలెక్కాం. మే నెల. మైనం కరుగుతుందేమోనని బాపు ఆ డబ్బాకు తడి తువ్వాలు చుట్టి సికింద్రాబాద్ దాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

అక్కడి పాథాలజిస్టు ఓపికమంతురాలు. నన్ను పక్కన కూర్చోబెట్టి రెండో ఐపీస్‌లోంచి చూడమంది. గులాబీ రంగు మీద ఊదా చుక్కలు. ఒక మూల గ్రంథులు మినపగారెల్లా విడివిడిగా ఉన్నాయి, దేని చిల్లు దానిది. అది 3. స్లైడ్ జరిపింది. అంతా ఒకటే ముద్ద, నడుమ బోలెడు చిల్లులు. అచ్చం మా అమ్మ గిన్నెకు అద్ది వేళ్లతో పొడిచిన సర్వపిండి. అది 4, అందులోనూ ఆ జల్లెడ తీరు మంచిది కాదట. చిల్లనేదే లేకుండా కణాలు చెదిరిపోతే 5. మాకు అది లేదు. ఎక్కువ భాగం సర్వపిండే. 4+3.

1966లో అమెరికాలో డొనాల్డ్ గ్లీసన్ అనే డాక్టరు చేసిందీ ఇంతే. మందూ కాదు, మిషనూ కాదు. ఆకారాలు చూసి, ఆ మనుషులు తర్వాత ఎన్నాళ్లు బతికారో పక్కన పెట్టి చూశాడు. అరవై ఏళ్లుగా అదే నిలబడింది. అయితే చూసేది మనిషి కన్ను, ఒకరి 3 ఇంకొకరికి 4 కావచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందే స్లైడ్లు ఇంకొకరికి చూపించమంటున్నా. అంకె మారితే చేయాల్సిన స్కాన్లు, లింఫ్ గ్రంథులు తీయాలా వద్దా అన్నదీ మారొచ్చు. (కామెంట్లలో "ఏ స్టేజ్ అన్నా?" అని అడగబోయేవాళ్లకు: స్టేజ్ వేరు, గ్రేడ్ వేరు. ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజ్, ఎంత మొండిదో చెప్పేది గ్రేడ్.)

సూదికి చిక్కేది దారప్పోగులంత ముక్కలే. ఆపరేషన్ తర్వాత, తీసిన ప్రొస్టేట్ మొత్తం కోసి చూసి మళ్లీ గ్రేడ్ వేస్తారు, అప్పుడు పెరగొచ్చు, తగ్గొచ్చు. మాకు 4+3 అలాగే ఉంది. అంచుల్లో గడ్డ లేదు, లింఫ్ గ్రంథుల్లోకి పోలేదు. ఆపరేషన్ అయ్యాక పీఎస్ఏ 0.2 దాటితే తిరగబెట్టినట్టు లెక్క. బాపుది ఇప్పటిదాకా 0.1 లోపే. తర్వాతి టెస్టు తేదీ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రాసుకున్నాడు.

పొద్దున వాకింగ్‌లో ఆయన వయసువాళ్లు ఎవరైనా "నాకూ ఏడే వచ్చింది సారూ" అంటే ఆపి అడుగుతున్నాడు, "ముందున్నది మూడా, నాలుగా?" అని. నిన్న ఒకాయన లాల్చీ జేబులోంచి రిపోర్టు తీసి చూపించాడట. మా ల్యాబే. గ్లీసన్ స్కోర్ 7/10. అంతే ఉంది.