ఎంబీబీఎస్‌లో సొంతంగా నేర్చుకోవాల్సిన ఎస్‌డీఎల్ గంట ఎటు పోతోంది?

2021 ఏప్రిల్, మే నెలల్లో వాట్సాప్ గ్రూపుల నిండా కరోనా పేషెంట్లకి, కోలుకున్నవాళ్ల ప్లాస్మా కావాలన్న మెసేజ్‌లే. అప్పటికి ఆరు నెలల ముందే, 2020 అక్టోబర్‌లో, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 39 ఆస్పత్రుల్లో 464 మంది పేషెంట్ల మీద చేసిన ప్లాసిడ్ ట్రయల్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చేసింది, ప్లాస్మా ఇచ్చినా జబ్బు ముదరడం ఆగలేదు, చావులూ తగ్గలేదు అని. అయినా డాక్టర్లు చీటీల మీద ప్లాస్మా రాస్తూనే ఉన్నారు, దాన్ని గైడ్‌లైన్స్‌లోంచి తీసేసింది మే మధ్యలో. జనాన్ని ఏమనగలం, ప్రాణం మీదికొస్తే ఎవరైనా పరిగెడతారు. రాసినవాళ్లలో ఎంతమంది ఆ పేపర్ తెరిచి చూశారన్నదే మా అనుమానం, చూడకపోయినా తప్పంతా వాళ్లదే అనలేం, పేపర్ వెతికి చదవడం కాలేజీలో ఎవరు నేర్పారు గనక.

2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో సీబీఎంఈ (ఏం చేయగలరన్నదాని మీద నడిచే) కరికులం వచ్చింది, సెల్ఫ్ డైరెక్టెడ్ లెర్నింగ్‌కి (ఎస్‌డీఎల్), స్మాల్ గ్రూప్ టీచింగ్‌కి గంటలు కేటాయించారు, కాగితం మీద బాగానే ఉంది. ఆ ఎస్‌డీఎల్ గంటలో ఏం చేస్తారని స్టూడెంట్స్‌ని అడిగితే చాలామంది నవ్వేస్తారు: సిలబస్ మిగిలిందని ఇంకో లెక్చర్, లేదంటే లాగ్‌బుక్‌లో ఓ సంతకం. మిగతా టైం ఎలాగూ నీట్ పీజీ ఎంసీక్యూలదే.

పేపర్ వెతికి, తూచి చూడటం నిజంగా నేర్పాలంటే పెద్ద ఖర్చేం లేదు. పిల్లల వార్డులో విరేచనాలతో చేరిన రెండేళ్ల పాపనే తీసుకోండి. ఓఆర్ఎస్‌తో పాటు రోజుకి 20 మిల్లీగ్రాముల జింక్, 2004 నుంచి డబ్ల్యూహెచ్ఓ చెప్తూ వచ్చిన డోసు. తాగించగానే పాప కక్కేస్తోంది, తల్లి ఇక నావల్ల కాదంటోంది. డోసు తగ్గిస్తే పనిచేస్తుందా? ఐదుగురు స్టూడెంట్స్‌కి ఈ ప్రశ్న ఇచ్చి రాత్రికి ఎవరికి వాళ్లని పబ్‌మెడ్‌లో (మెడికల్ పేపర్లు వెతికే సైట్) వెతుక్కోమనండి. ఇండియాలో, టాంజానియాలో 4,500 మంది పిల్లల మీద చేసిన ట్రయల్ దొరుకుతుంది, 2020లో వచ్చింది, 5, 10 మిల్లీగ్రాములు కూడా 20కి తీసిపోలేదు, వాంతులు మాత్రం తగ్గాయి. చదివినవాడు అక్కడితో ఆగిపోతాడు. మర్నాడు గ్రూపులో కూర్చున్నాక పక్కమ్మాయి "తీసిపోలేదు అంటే ఎంత తేడాని ఫర్లేదనుకున్నారు?" అంటుంది, ఇంకొకడు ఆరు నెలల లోపు పిల్లలు అందులో లేరు కదా అంటాడు, అప్పుడు గానీ ట్రయల్ ఎలా చేశారో చెప్పే మెథడ్స్ సెక్షన్ ఎవరూ సరిగ్గా చదవరు. విడివిడిగా వెతకడం, కలిసి వాదించుకోవడం, రెండూ ఉంటేనే ఇది కుదురుతుంది.

కెనడాలోని మెక్‌మాస్టర్‌లో 1969 నుంచే ఇలా చిన్న గ్రూపుల్లో కేసు చుట్టూ చదివించారు, ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్ (రుజువులు చూసి వైద్యం చేయడం) అన్న పేరు కూడా 1990ల మొదట్లో అక్కడి గోర్డన్ గయాట్ పెట్టిందే. మన దగ్గర అడ్డం పడేది ఇంటర్నెట్టో లైబ్రరీయో కాదు, రౌండ్స్‌లో "సార్, కొత్త ట్రయల్ ఇంకోలా చెప్తోంది" అన్న స్టూడెంట్‌కి ఇంటర్నల్స్‌లో ఏమవుతుందోనన్న భయం. ప్రొఫెసర్ల అనుభవాన్ని తీసిపారేయమని మేం అనట్లేదు, పేషెంట్‌కి ఏది నప్పుతుందో తేల్చేది అదే చాలాసార్లు.

కానీ మార్కులు లేనిది మన పిల్లలు చదవరు, ఇది అందరికీ తెలిసిందే. విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, వరంగల్ కాళోజీ యూనివర్సిటీ ఫైనలియర్ థియరీ పేపర్‌లో ఒక ట్రయల్ అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) అచ్చేసి, "ఈ పేషెంట్‌కి ఇది వాడతావా, ఎందుకు?" అని పది మార్కులకి అడిగితే చాలు, ఎస్‌డీఎల్ గంటని ఏం చేయాలో కాలేజీలే చూసుకుంటాయి.