ఉమ్మి పుచ్చుకునే కిట్టు గారికి

మహారాజశ్రీ డీఎన్‌ఏ కిట్టు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇది మర్యాద కోసం రాసిన మాట. ఉమ్మిలోని జన్యువులు చదివి మా పూర్వీకులెవరో, మాకు ఏ జబ్బుల ముప్పుందో చెబుతామనే మీ వంశంలోకెల్లా పేరు మోసిన అమెరికా సంస్థ ట్వంటీత్రీఅండ్‌మీ వారు 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసుకున్నారు కాబట్టి మీ కుశలం ఎలా ఉందో నాకు తెలుసు. నా కుశలం సంగతి నాకన్నా మీకే ఎక్కువ తెలుసునని మీ పెట్టె మీద రాసి ఉంది కాబట్టి దాన్ని వేరే విన్నవించడం లేదు.

ముందుగా మీ చాకచక్యానికి ఒక నమస్కారం. ఎదుటివారి వస్తువులో ఉమ్మితే లోకంలో ఎక్కడైనా తగాదా అవుతుంది. మీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముందు డబ్బు కట్టి, అరగంట సేపు పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా నిష్ఠగా కూర్చుని, నురగను లెక్కలోకి తీసుకోకుండా గీత దాకా ఉమ్మి నింపి, మూత బిగించి, కుదిపి, పోస్టులో పంపి, వారాల తరబడి ఎదురు చూస్తాం. దేవుడి విషయంలో కూడా ఇంత శ్రద్ధ చూపించని మనుషులను నేనెరుగుదును.

ఇక మీ ధర. 2007 నవంబరులో ట్వంటీత్రీఅండ్‌మీ కిట్టు 999 డాలర్లకు బజారులోకి వచ్చింది. మరుసటి ఏడాదికే 399 అయింది. 2012 డిసెంబరుకల్లా 99కి దిగింది. అయిదేళ్లలో పదో వంతు! దీనికి సగం కారణం న్యాయమైనదే. మనిషి జన్యు సమాచారాన్ని మొదటిసారి చదవడానికి 1990లో మొదలై 2003లో ముగిసిన మానవ జీనోమ్ ప్రాజెక్టుకు దాదాపు 270 కోట్ల డాలర్లు ఖర్చయింది. ఆ తర్వాత జన్యువులను చదివే యంత్రాలు ఏటికేడాది చవకవుతూ వచ్చాయి. మిగతా సగం కారణం మాత్రం యంత్రాల్లో లేదు. ధర 99కి దించిన రోజున సంస్థ ప్రకటించుకున్న లక్ష్యం పది లక్షల మంది ఖాతాదారులు. అంతమంది దేనికంటారా? 2013లో ఆ సంస్థ డైరెక్టర్ల బోర్డు సభ్యుడొకరు ఒక పత్రికతో మాట్లాడుతూ దాపరికం లేకుండా చెప్పేశారు: కిట్లు అమ్మి సంపాదించడం అసలు ఆట కాదు, సమాచారం పోగు చేసుకోవడానికే కిట్లు కావాలి అని. ఇంత సూటిగా నిజం చెప్పిన వ్యాపారి మీద నాకు కోపం లేదు. ఆ మాట అచ్చయ్యాక కూడా తగ్గింపు ధర కోసం ఎగబడ్డ జనం సంగతే అంతుపట్టదు.

పోగైన సమాచారానికి బేరం కుదరడానికి ఎంతో కాలం పట్టలేదు. 2018లో గ్లాక్సోస్మిత్‌క్లైన్ అనే మందుల సంస్థ 30 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టి మీ వారితో చేతులు కలిపింది. ఖాతాదారుల్లో నూటికి ఎనభై మంది తమ సమాచారాన్ని పరిశోధనకు వాడుకోమని అంగీకరించారని సంస్థే చెప్పుకుంది. కొత్త మందులు వస్తే వద్దనేటంత మూర్ఖురాలిని కాను. నాకు మింగుడు పడనిది ఇందులోని వరస. పదార్థం మాది, రుసుము మాది, ఆ మీదట వచ్చే లాభం మీది. రక్తం ఇచ్చినవారికి కనీసం ఒక గ్లాసు పండ్ల రసం చేతిలో పెట్టి కూర్చోబెడతారు. మీరు బిల్లు చేతిలో పెట్టారు.

సరే, ఆ బిల్లుకు బదులుగా ఏమిచ్చారో చూద్దాం. ముందు వచ్చేవి మా పూర్వీకులు ఏ ప్రాంతం వారో చెప్పే శాతాలు. ఫలానా ప్రాంతం 37.4 శాతం, ఫలానా ప్రాంతం 11.2 శాతం. దశాంశ బిందువు చూడగానే మనిషికి భక్తి పుడుతుంది. నిజానికి మీరు చేసే పని, మా నమూనాను ఇప్పుడు ఆయా ప్రాంతాల్లో బతికి ఉన్న కొందరి నమూనాలతో పోల్చి, దగ్గరి పోలికను బట్టి అంచనా కట్టడం. పోల్చడానికి పెట్టుకున్న గుంపు మారితే జవాబూ మారుతుంది. అందుకే మీరు ‘తాజాపరిచాం’ అని కబురు పంపిన రోజున మా జేజమ్మ ఉన్నపళంగా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి కాపురం మారుస్తుంది. ఆవిడ పోయి నూరేళ్లయినా మీరు తిరగనిస్తూనే ఉన్నారు. ఆవిడ ఐరోపా మనిషైతే ఏ దేశంలో ఏ మూలదో కూడా చెబుతారు. కాకపోతే ఖండం పేరుకు కాస్త అటూ ఇటూగా ఏదో చెప్పి సరిపెట్టడం మీ అలవాటు. మీ దగ్గర పోగైన నమూనాల్లో ఎవరివి ఎక్కువో వారికే పలుకుబడి ఎక్కువ.

2019లో కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ వారు ఒకే పోలిక కవల అక్కచెల్లెళ్ల ఉమ్మిని అయిదు సంస్థలకు పంపించారు. ఒక్క అండం నుంచి పుట్టిన వారికి ఒక్కో సంస్థ ఒక్కో చరిత్ర రాసి ఇచ్చింది. ఒకే సంస్థ సైతం ఇద్దరికీ ఒకే శాతాలు ఇవ్వలేకపోయింది. యేల్ విశ్వవిద్యాలయం వారు ముడి సమాచారాన్ని పరిశీలిస్తే ఇద్దరిదీ దాదాపు ఒక్కటేనని తేలింది. అంటే ఉమ్మిలో తేడా లేదు, కథ చెప్పేవారిలోనే ఉంది.

మనిషి జన్యు పుస్తకంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే మీ చిప్పు చదివేది ఆరేడు లక్షలు. ఇంచుమించు అయిదు వేలకు ఒకటి. మనిషికీ మనిషికీ తేడా వచ్చే చోట్లనే ఏరి చదువుతారన్న మాట ఒప్పుకుంటాను. అలా ఏరి చదివి మీరు వెల్లడించిన రహస్యాలు ఎలాంటివో కూడా చెప్పాలి కదా. నా చెవిలో గులిమి తడిగా ఉంటుందా, పొడిగా ఉంటుందా? కొత్తిమీర నాకు సబ్బు వాసన వేస్తుందా? ఎండలోకి వస్తే తుమ్ము వస్తుందా? అయ్యా, మొదటిది నా చిటికెన వేలికి తెలుసు, రెండోది నాలుకకు తెలుసు, మూడోది వీధిలో వాళ్లందరికీ తెలుసు.

మీ వంశంలో మరీ తెలివైనవారు కూడా ఉన్నారు. 2018లో చికాగోలోని ఒక టీవీ చానల్ వారు లాబ్రడార్ కుక్క డీఎన్‌ఏను కొన్ని సంస్థలకు పంపారు. చాలామంది ‘ఇది చదవలేకపోయాం’ అన్నారు. ఒక సంస్థ మాత్రం అది కుక్కదని పసిగట్టకుండా, దూరం పరుగెత్తే దమ్మున్న దేహమని నివేదిక ఇచ్చింది. తప్పని ఎలా అనగలను? లాబ్రడార్ పరుగెత్తుతుంది మరి.

ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి నా నవ్వు సగంలో ఆగిపోతుంది. 2013 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ట్వంటీత్రీఅండ్‌మీకి హెచ్చరిక లేఖ రాసి ఆరోగ్య నివేదికల అమ్మకం ఆపించింది. తర్వాత ఒక్కొక్కటిగా అనుమతులిచ్చింది. 2018లో రొమ్ము క్యాన్సర్ ముప్పును సూచించే బీఆర్‌సీఏ జన్యువుల్లో మూడు మార్పులను చూడటానికి ఒప్పుకుంది. ఆ జన్యువుల్లో తెలిసిన మార్పులు వెయ్యికి పైగా ఉన్నాయని, ఈ మూడూ ముఖ్యంగా అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా) యూదు సంతతిలో కనిపించేవని ఆ నియంత్రణ సంస్థే అప్పుడు చెప్పింది. వెయ్యి తలుపుల్లో మూడు చూసి ‘దొంగ కనిపించలేదు’ అని మీరంటే అబద్ధం కాదు. ఆ మాట నమ్మి రొమ్ము క్యాన్సర్‌ను పసిగట్టే మామోగ్రామ్ పరీక్ష మానేసే ఆడమనిషి గురించే నా బెంగ. దీనికి రెండో వైపు కూడా ఉంది. మీరిచ్చిన ముడి సమాచారంలో రోగకారకాలుగా కనిపించిన మార్పులను ఒక వైద్య ప్రయోగశాల మళ్లీ పరీక్షిస్తే నూటికి నలభై అసలు లేనే లేవని 2018లో ఒక అధ్యయనం ప్రచురించింది. చూసింది 49 మంది నమూనాలే కావచ్చు. ఆ నలభైలో ఒకరైన మనిషికి ఆ రాత్రి నిద్ర ఎలా పట్టిందో మీ నివేదికలో ఉండదు. ఇంకొక ముచ్చట: అమెరికాలో జన్యు సమాచారం చూసి ఆరోగ్య బీమా నిరాకరించకూడదని, ఉద్యోగం తీసేయకూడదని 2008లో చట్టం చేశారు. జీవిత బీమాకు అది వర్తించదు. తెలుసుకోవడం మంచిదని ప్రకటనల్లో చెబుతారు గానీ, తెలుసుకున్నాక దరఖాస్తులో ఏమి రాయాలో చెప్పరు.

మీ గురించి మంచి మాట ఒకటి చెప్పకపోతే నా కళ్లు పోతాయి. పసితనంలోనే దత్తతకు పోయినవారు, వీర్యదాత వల్ల పుట్టి ఆ దాత ఎవరో తెలియనివారు, ఏ కార్యాలయంలోనూ కాగితం దొరకనివారు మీ వల్ల తల్లిని చేరారు, తోబుట్టువులను కలిశారు. వారి విషయంలో 99 డాలర్లు ధరే కాదు, వెయ్యి అడిగినా ఇచ్చుకుంటారు. వారికి మీరు ఒక జవాబు. తక్కిన మాకు మీరు ఎవరూ వేయని ప్రశ్న. రుషుల మూలం, నదుల మూలం అడగకూడదని మన పెద్దలు ఊరికే అనలేదు. సరదాకు కొనుక్కున్న పెట్టె తెరిచి, తాము నాన్న అని పిలుస్తున్నాయన తమ నాన్న కాదని తెలుసుకున్నవారు ఎందరో ఉన్నారు. 2017 నవంబరులో నాలుగు రోజుల తగ్గింపు అమ్మకాల్లో మీ వంశంలోనే మరొకరైన యాన్సెస్ట్రీ సంస్థ ఒక్కటే సుమారు 15 లక్షల కిట్లు అమ్మింది. పండుగకు కానుకగా పుచ్చుకున్నవారిలో ఎందరికి ఆ తర్వాత పండుగలు మునుపటిలా గడిచాయో!

ఇప్పుడు నా సొంత ఫిర్యాదు. నేను ఉమ్మలేదు. మా అన్నయ్య ఉమ్మాడు. తోబుట్టువుల డీఎన్‌ఏ సుమారు సగం ఒకటే. కాబట్టి సంతకం పెట్టకుండా, రుసుము కట్టకుండా, నోరైనా తెరవకుండా నేను సగం దాకా మీ కంప్యూటర్లలో పడి ఉన్నాను. మీరు ఆయన్ను అంగీకారం అడిగారు, పుటల కొద్దీ షరతులు చూపించారు. నన్నెవరూ అడగలేదు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు. విభీషణుడు అన్నగారితో పోట్లాడి, ఇల్లు విడిచి వెళ్లి మరీ ఆ పని చేశాడు. మా అన్నయ్య చేసింది గొట్టంలో ఉమ్మడమే. పాపం, తన ఉమ్మి తనదే అనుకున్నాడు.

ఇది పెంచి చెబుతున్నానంటారేమో. 1970లు, 80లలో కాలిఫోర్నియాను వణికించిన హంతకుడు జోసెఫ్ జేమ్స్ డిఏంజెలోను 2018 ఏప్రిల్‌లో పట్టుకున్నది ఎలా? అతడు ఏ కిట్టూ కొనలేదు. జీఈడీమ్యాచ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో అతడు వదిలిన డీఎన్‌ఏతో కలిసే దూరపు బంధువుల డీఎన్‌ఏ దొరికింది, అక్కడి నుంచి కొమ్మలు పట్టుకుని పోలీసులు దిగి వచ్చారు. అతడి కోసం కన్నీరు కార్చేవారెవరూ లేరు, నేనూ కార్చను. కానీ దారి హంతకుడికి ఒకటి, మామూలు మనిషికి ఒకటి ఉండదు కదా. ఐరోపా సంతతి అమెరికన్లలో నూటికి అరవై మందికి తాతల తాతలు ఒక్కరైన బంధువో, ఇంకా దగ్గరి బంధువో ఇలాంటి పోగులో దొరుకుతారని, ఆ ఆధారంతో మనిషిని పోల్చుకోవచ్చని అదే ఏడాది సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది.

2023లో ట్వంటీత్రీఅండ్‌మీ ఖాతాల మీద దొంగలు పడ్డప్పుడు కూడా ఇదే వరస. వేరే చోట కాజేసిన పాస్‌వర్డులతో వారు తెరవగలిగినవి 14 వేల ఖాతాలు. బయటపడ్డది సుమారు 69 లక్షల మంది సమాచారం. బంధువులను ఒకరికొకరిని చూపించడం మీ ముఖ్య ఆకర్షణ కదా, అదే కిటికీలోంచి దొంగలూ చూశారు. యూదు సంతతి వారి జాబితా విడిగా కట్టి అమ్మకానికి పెట్టారు. తప్పు పాత పాస్‌వర్డులనే మళ్లీ వాడుకున్న ఖాతాదారులదని మీ వకీళ్లు సెలవిచ్చారు. అలా అయితే పాస్‌వర్డు గానీ, ఖాతా గానీ లేని నాబోటి వారి తప్పేమిటో కూడా వారు సెలవివ్వాలి.

దివాలా దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ అసలు విలువ తేలింది అక్కడే. ఒక మనిషి జన్మకు ఒక్కసారి ఉమ్మితే చాలు. రెండోసారి కొనే పని లేని సరుకుతో వ్యాపారం పెట్టినవారు చివరికి ఏటా చందా కట్టమని వెంటపడ్డారు. గులిమి సంగతి ఏటా చెప్పించుకునే ఓపిక జనానికి లేకపోయింది. ఒకప్పుడు బజారులో 600 కోట్ల డాలర్ల దాకా పలికిన సంస్థ కోర్టుకెక్కింది. మీ సమాచారం తుడిపేయించుకోండని కాలిఫోర్నియా అటార్నీ జనరల్ జనానికి చెప్పవలసి వచ్చింది. వేలంలో మందుల సంస్థ రీజనరాన్ 25.6 కోట్ల డాలర్లకు పాడింది. చివరకు సహవ్యవస్థాపకురాలు యాన్ వోజిట్‌స్కీయే స్థాపించిన లాభాపేక్ష లేని సంస్థ 30.5 కోట్లకు దక్కించుకుంది. ఖాతాదారులు సుమారు కోటిన్నర మంది. భాగించి చూశాను. ఆస్తులు, పేరు, యంత్రాంగం అన్నీ కలుపుకున్నా తలకు ఇరవై డాలర్లు. 99 పెట్టి కొనుక్కుని, 20కి అమ్ముడుపోయాం. అందులో అన్నయ్య ద్వారా వెళ్లిన నా సగానికి ఎంత ముట్టాలో మీ లెక్కల వారిని అడిగి చెప్పండి.

తుడిపేయించుకోవడానికి అన్నయ్య దరఖాస్తు పెట్టాడు. ఖాతా మూస్తామన్నారు, ఉమ్మి మిగిలి ఉంటే పారేస్తామన్నారు. అప్పటికే పరిశోధనల్లో కలిసిపోయినది మాత్రం వెనక్కి తీయలేమన్నారు. చక్కెర నీళ్లలో కలిశాక నేను మాత్రం ఏమి చేయగలనన్న ధోరణిలో ఉత్తరం మర్యాదగానే ఉంది.

కాబట్టి నా మనవి ఒక్కటే. అంగీకార పత్రంలో అడుగున ఇంకొక గడి పెట్టించండి: ‘నా అక్కచెల్లెళ్లను, అన్నదమ్ములను, పిల్లలను అడిగాను, వారు సరేనన్నారు.’ అది నింపే దాకా గొట్టం మూత తెరుచుకోకూడదు. ఇంజనీర్లు మీ దగ్గర బోలెడంత మంది ఉన్నారు, కష్టమేమీ కాదు. అమ్మకాలు పడిపోతాయంటారా? ఎలాగూ పడిపోయాయి కదా.

ఇట్లు,
మీ వద్ద సుమారు సగం మేర నిల్వ ఉన్న
ఒక మాజీ ఖాతాదారు చెల్లెలు