ముగ్గురిని ట్యాగ్ చేయండి, వైకుంఠ రథం ఎక్కండి

దేశం ముందు ఎన్నో ప్రశ్నలున్నాయి. వాటిలో అత్యంత కీలకమైనది రోజూ ఉదయం ఏడు గంటలకు మా ప్రాంతపు మిఠాయి దుకాణం వారి ఫేస్‌బుక్ పేజీలో వెలువడుతుంది. "శుభోదయం మిత్రులారా! మీకు పూతరేకులు బెల్లంతో ఇష్టమా, పంచదారతో ఇష్టమా? కామెంట్‌లో తెలియజేయండి." మర్నాడు, కాకినాడ గొట్టం కాజానా, తాపేశ్వరం మడత కాజానా అని అడుగుతారు. ఆ మరుసటి రోజు ఈ ఫొటోలో ఎన్ని జీడిపప్పులున్నాయో లెక్కపెట్టమంటారు. లెక్కపెట్టేవాళ్ళున్నారు. తక్కువ లెక్కపెట్టినవాడిని సరిదిద్దేవాళ్ళున్నారు. ఇద్దరికీ జీడిపప్పు అందదు.

పౌరధర్మం కాబట్టి నేనూ పాల్గొన్నాను. బెల్లమా, పంచదారా అనే మీమాంసలోకి దిగకుండా, "పది రేకుల డబ్బా ఎంతండీ? హైదరాబాదుకు పంపుతారా?" అని అడిగాను. "ఇన్‌బాక్స్ చూడండి సార్" అని జవాబు, పక్కనే రెండు చేతులు జోడించిన బొమ్మ. చూశాను. "నమస్తే. మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు. త్వరలోనే మీకు సమాధానం ఇస్తాము" అని మనిషి చెయ్యి తగలని సందేశం ఒకటి ఉంది. ఆ త్వర వారికి ఇంకా కలగలేదు.

ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు చెప్పుకునే హక్కు సంపాదించిన సరుకు ధర చెప్పుకోవడానికి మాత్రం ముఖం చాటేస్తోంది. పూర్వం పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవారు. రహస్యం రహస్యమే, కానీ తువ్వాలు కింద అవతలివాడి చెయ్యి నిజంగా ఉండేది. ఇక్కడ తువ్వాలు ఒక్కటే ఉంది.

ఇదంతా ఎక్కడ జరుగుతోందో గమనించండి. గోదావరి రెండు గట్ల మధ్య మాటకు మాట బదులివ్వకుండా ఉండటం ఏ కాలంలోనూ సాధ్యపడలేదు. అమలాపురంలో బస్టాండుకు దారి అడిగితే దారి చెప్పి, మీది ఏ ఊరని అడిగి, ఆ ఊళ్ళో తమ వియ్యంకుడి తమ్ముడు ఉన్నాడని చెప్పి, ఎండలో ఏం వెళతారు, భోంచేసి వెళ్ళండి అంటారు. బస్సు తప్పిపోతుంది. మాట్లాడటానికి ఇంతగా తహతహలాడే జనం ఉన్నచోట "మా పేజీలో ఎవరూ మాట్లాడటం లేదు, ఏం చేయాలి" అని దుకాణదారులు తలపట్టుకుని కూర్చున్నారంటే అది మామూలు విషయం కాదు. అందుకే నిపుణులు రంగంలోకి దిగారు.

నిపుణుడంటే పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, నెలకు ఇన్ని పోస్టర్లు ఇన్ని రీల్స్ అని ఒక ధరల పట్టిక. (ఆయన ధర మాత్రం ఇన్‌బాక్స్‌లో ఉండదు, ముందే చేతికిస్తాడు.) పండుగ వస్తే దేవుడి బొమ్మ ఒక మూల, యజమాని బొమ్మ నడిమధ్యన పెట్టి పోస్టరు వేస్తాడు. పండుగ లేని రోజుల్లో ఏదో ఒక ప్రపంచ దినోత్సవం వెతుకుతాడు. జూన్ 5న పర్యావరణ దినోత్సవం నాడు మొక్కలు నాటాలని మనకు హితవు చెప్పిన పేజీ ఎవరిదో చూస్తే, వరిచేలను రొయ్యల చెరువులుగా తవ్విపెట్టే పొక్లెయిన్ అద్దెకిచ్చేవారిది.

ఆ నిపుణుడి విద్య అంతా అయిదు మంత్రాలు. ఓటు వేయండి, గుండె బొమ్మ నొక్కండి, షేర్ చేయండి, ట్యాగ్ చేయండి, కామెంట్ చేయండి. సరిగ్గా ఈ అయిదు రకాల అడుక్కోవడాన్నే 2017 డిసెంబరులో ఫేస్‌బుక్ పేరుపెట్టి మరీ తప్పుబట్టింది. ఇలాంటి పోస్టులను ఇకపై కిందికి తోసేస్తాం, పదేపదే ఇదే పని చేసే పేజీలను ఇంకా కిందికి తోస్తాం అని చెప్పింది. మరుసటి నెలలోనే, వ్యాపారాల పోస్టుల కంటే బంధుమిత్రుల మాటలకే పెద్దపీట వేస్తామని జుకర్‌బర్గ్ స్వయంగా ప్రకటించాడు. లక్కీ డ్రాలో చేరాలంటే మీ గోడ మీద షేర్ చేయాలనో, స్నేహితులను ట్యాగ్ చేయాలనో షరతు పెట్టకూడదన్నది కూడా వాళ్ళ నిబంధనల్లో ఉన్నదే. వంట చేసినవాడే విషం అని రాసి అంటించిన అయిదు వంటకాలను మన నిపుణులు నేటికీ పంచభక్ష్య పరమాన్నాలని వడ్డిస్తున్నారు. దుకాణదారులు విస్తరి చాపుకుని కూర్చుంటున్నారు, డబ్బిచ్చి మరీ.

ఈ విద్య ఎంత దూరం వెళ్ళగలదో తెలియాలంటే మా పట్టణంలో ఫ్రీజర్ బాక్సులు, వైకుంఠ రథం అద్దెకిచ్చే పెద్దాయన సంగతి వినాలి. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. చాలా ఏళ్ళుగా ఆయన ప్రచారమంతా ప్రభుత్వాసుపత్రి ఎదుటి గోడ మీద రాయించిన ఒక ఫోను నంబరు. ఆ గోడను ఎవరూ లైక్ చేయలేదు. అవసరమైన రోజున ఫోను చేయనివాళ్ళూ లేరు. అర్ధరాత్రి రెండింటికి మోగినా ఆయన ఎత్తుతాడు, "ఎక్కడండీ, ఎన్ని గంటలకండీ" అని రెండే ముక్కలు అడుగుతాడు, బాక్సు పంపుతాడు. ఇంత వెనుకబడిన వ్యాపారాన్ని మేనల్లుడు చూడలేకపోయాడు. పేజీ తెరిచి, నిపుణుడిని తీసుకొచ్చాడు.

నిపుణుడు లెక్కలు చూసి పెదవి విరిచాడు. "ఫాలోయర్లు ఉన్నారండీ, స్పందన లేదు."

"మా దగ్గరికి వచ్చినవాళ్ళు స్పందించే స్థితిలో ఉండరు బాబూ" అన్నాడు పెద్దాయన.

"వాళ్ళ బంధువులుంటారు కదండీ" అన్నాడు నిపుణుడు. ఈ మాటకు ఎదురులేదు.

మొదటి వారం ఓటింగ్ పెట్టారు. "మీ ఓటు గాజు మూత బాక్సుకా, స్టీలు మూత బాక్సుకా?" గాజు గెలిచింది. రెండో వారం, "మా రథంతో మీకున్న మధురానుభూతిని పంచుకోండి." ఒక్కరూ పంచుకోలేదు. మూడో వారం దీపావళి తగ్గింపు. నాలుగో వారం వచ్చింది అసలు బ్రహ్మాస్త్రం. "మా సేవలు అవసరమయ్యే ముగ్గురు మిత్రులను ట్యాగ్ చేయండి! లక్కీ డ్రాలో గెలిచినవారికి మొదటి రోజు అద్దె పూర్తిగా ఉచితం!"

మధ్యాహ్నానికి పట్టణం పట్టణమంతా అక్కడే ఉంది. పొలం గట్టు తగాదా ఉన్న అన్నదమ్ములు ఒకరినొకరు ట్యాగ్ చేసుకున్నారు. చీటీ పాడుకుని ఎగ్గొట్టినవాడు చీటీల యజమానిని ట్యాగ్ చేశాడు. యజమాని జామీనుదారులతో సహా తిరిగి ట్యాగ్ చేశాడు. ఒక అల్లుడు సరదాగా అత్తగారిని ట్యాగ్ చేశాడు. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి అల్లుడికి విస్తట్లో వందల రకాలు పెట్టడం పత్రికలకెక్కే సంగతి కదా, ఆ ఇంట్లో ఈ ఏడాది విస్తట్లో పప్పు, పచ్చడి కనబడ్డాయని వినికిడి. ఒక పార్టీవాళ్ళు వార్డు నాయకుడిని ట్యాగ్ చేస్తే, రెండో పార్టీవాళ్ళు ఏకంగా జిల్లా కమిటీని ట్యాగ్ చేశారు. మస్కట్ నుంచి ఒకాయన, "నేను బతికే ఉన్నాను, నెలనెలా డబ్బు కూడా పంపుతున్నాను" అని బాధగా రాశాడు. సాయంత్రం స్టేషన్ నుంచి కబురు వచ్చింది. నిపుణుడు మాత్రం ఫోను పైకెత్తి చూపిస్తూ, "చూశారా! ఈ స్థాయి స్పందన మీ జీవితంలో ఎప్పుడైనా వచ్చిందా?" అన్నాడు.

లక్కీ డ్రా తీశారు. విజేత ఒక విశ్రాంత లెక్కల మాస్టారు. మనవడు సరదాకి పేరు ఇచ్చాడట. మాస్టారు ఆ సాయంత్రమే చేతికర్ర పట్టుకుని స్వయంగా దుకాణానికి వచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఒకే ఒక సందేహం అడిగారు. "గడువు ఎప్పటిదాకా?"

మేనల్లుడు ఫోనులో చూసి చెప్పాడు. "ఈ నెలాఖరు వరకేనండీ. షరతులు వర్తిస్తాయి."

మాస్టారు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుని, "కొంచెం కష్టం నాయనా" అని లేచారు.

తగాదా పెడితే జనం పోగవుతారన్నది నిపుణుడు కనిపెట్టిన సంగతేమీ కాదు. పై నుంచే వచ్చింది. 2017లో ఫేస్‌బుక్, ఏ పోస్టును ఎక్కువమందికి చూపాలో తేల్చే లెక్కలో, కోపం బొమ్మతో సహా అన్ని బొమ్మలకూ మామూలు లైకు కంటే అయిదు రెట్ల విలువ కట్టిందని, 2021లో బయటపడ్డ ఆ సంస్థ లోపలి కాగితాల్లో తేలింది. తర్వాత ఆ లెక్క మార్చుకున్నారు, కోపాన్ని సున్నా చేశారు. మార్చుకున్నది వాళ్ళు. మన పేజీలవాళ్ళకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి, పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోతున్న రోజుల్లో, కోనసీమ లంకల్లో జనం డాబాల మీదికి చేరారు. అప్పుడు ఒక సూపర్ బజారు పేజీ డ్రోనుతో తీసిన వరద వీడియో పెట్టి, మూలన తన లోగో వేసి, "గోదారమ్మ శాంతించాలని కోరుకునేవారు ఓం అని కామెంట్ చేయండి" అని రాసింది. వందల ఓంకారాల మధ్య ఒక ఆడమనిషి అడిగింది: "మా అమ్మావాళ్ళు లంకలో ఉన్నారండీ. పాల ప్యాకెట్లు, నీళ్ళ క్యాన్లు రేవు దాకా ఇవ్వగలరా? డబ్బు ఇప్పుడే పంపుతాను." ఆ ప్రశ్నకు పేజీ నుంచి గుండె బొమ్మ వచ్చింది. నీళ్ళ క్యాను రాలేదు. గోదారమ్మ కామెంట్లు చదువుతుందని నమ్మిన పెద్దమనుషులకు తమ కామెంట్లు తాము చదవడానికి తీరిక లేకపోయింది.

ఇక మొదట చెప్పిన మిఠాయి దుకాణంవారి రీలు. బాగా ఆడింది, మీరూ చూసే ఉంటారు. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పలచటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది ఆవిడ. రెప్పపాటులో పొర తేలుతుంది, చిరగకుండా వేళ్ళ కొసలతో లేపుతుంది. పొగ కళ్ళలోకి కొడుతుంటే మోచేత్తో తుడుచుకుని మళ్ళీ ముంచుతుంది. "ఇంకోసారి, కొంచెం నవ్వుతూ లాగండమ్మా" అన్నారట. నవ్వుతూ లాగింది. చివరికి రీలులో ఆవిడ నవ్వు కూడా లేదు, మెడ దగ్గరే కోసేశారు. చేతులు, కుండ, వీణ సంగీతం, దుకాణం పేరు. పేరు దుకాణానికి ఉంది, ఆవిడకు లేదు.

దాని కింద వేలమంది ఆహా, ఓహో అన్నారు. అందరికీ గుండె బొమ్మలు అందాయి. ఒక్కడు అడిగాడు: "ఈవిడకు వంద రేకులకు ఎంత కూలి ఇస్తున్నారు?" సాయంత్రానికి ఆ ప్రశ్న లేదు. తీసేశారు. నిపుణుడిని అడిగితే, "అలాంటివి పేజీకి మంచిది కాదండీ" అన్నాడు. ఏది మంచిది కాదు? నెలల తరబడి మాట్లాడండి, మాట్లాడండి అని కాళ్ళు పట్టుకున్నది మీరే కదా! బెల్లమా పంచదారా అంటే నోరు విప్పాలి, కూలి ఎంత అంటే నోరు మూసుకోవాలా? ఒక మనిషి ఆ పేజీ మీద పెట్టిన ఏకైక అసలైన మాట అది. దాన్ని చెరిపేసి, మర్నాడు ఉదయం ఏడింటికి మళ్ళీ "శుభోదయం మిత్రులారా" అంటారా? సరుకు ధర చెప్పరు, చేసిన చేతికి ఇచ్చే ధర అసలే చెప్పరు. అబద్ధాలకోర్లు! మీకు కావలసింది జనం మాట కాదు, జనం చప్పట్లు. అదేదో బోర్డు రాసి పెట్టుకోండి, మాకూ శ్రమ తప్పుతుంది.

సరే, కాస్త మంచినీళ్ళు తాగి వచ్చాను.

కడియం వైపు ఒక నర్సరీ ఆయన పేజీ ఉంది. నిపుణుడు లేడు. ఫొటోలు వంకరగా ఉంటాయి, ఒక్కోదాంట్లో ఆయన బొటనవేలు కూడా పడుతుంది. ప్రతి మొక్క కింద ధర రాస్తాడు, లారీ ఏ రోజు ఏ ఊరికి వెళుతుందో రాస్తాడు. ఒకావిడ తన గులాబీ ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయని ఫొటో పెడితే, "నీళ్ళు ఎక్కువ పోస్తున్నారమ్మా, కుండీ అడుగున చిల్లు ఉందేమో చూడండి" అన్నాడు. ఆవిడ చూసింది, లేదు. మేకుతో చిల్లు పెట్టి మళ్ళీ ఫొటో పెట్టింది. ఆ ఫొటో కింద ఇంకొకరు తమ మందారం సంగతి, ఆ పక్కన మరొకరు కాపు రాని నిమ్మ సంగతి ఎత్తారు. ఆయన రాత్రి భోజనమయ్యాక కూర్చుని వరసగా అందరికీ బదులిస్తాడు. అడిగినవాళ్ళు తిరిగి వస్తారు, పూసిన పువ్వు చూపించడానికి కూడా వస్తారు. ఆ కామెంట్లు చదువుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

మొన్న ఆ వరసలోకే మన నిపుణుడు దూరి రాశాడు: "నమస్తే సార్. మా దగ్గర మంచి ప్లాన్ ఉంది. మూడు నెలల్లో మూడు రెట్లు పెంచి చూపిస్తాం."

అప్పటికి రాత్రి పదకొండు దాటింది. ఆయన వరసలో ఉన్నవాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చి, దీనికి కూడా ఓపికగా బదులిచ్చాడు:

"కుండీలోనా, నేలలోనా అండీ?"