కొండ అంచుగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సెవెన్ సిస్టర్స్ కొండ అంచుగారి సముఖానికి,
తెల్ల సుద్దకొండల వరుస, సముద్రం ఒడ్డు, ఈస్ట్ ససెక్స్, ఇంగ్లండ్.
(ఇది మీ ఈ ఏటి చిరునామా. నిరుటిది సముద్రంలో కలిసిందని తెలిసింది.)

ఉభయకుశలోపరి.

అలవాటుకొద్దీ రాసేశాను గానీ అంచుగారూ, మన విషయంలో ఉభయుల కుశలం ఒకేసారి కుదిరేది కాదు. మీరు క్షేమంగా ఉంటే మా ఫొటోలు పాడవుతాయి. నమ్మకపోతే తూర్పున మీ జ్ఞాతి డోవర్‌ను చూడండి. తెల్లకొండలంటే లోకానికి ఆయనే. అక్కడ పెద్ద రేవు ఉంది గనక అలల పోటు తగలకుండా కాపలా పెట్టారు. ఆ సుఖానికి గడ్డి మొలిచింది, పొదలు లేచాయి, తెల్లకొండలు కాస్తా పచ్చబడుతున్నాయి. దాంతో సినిమావాళ్లు డోవర్ సీను తీయాలంటే కెమెరాలు మోసుకుని మీ దగ్గరికి వస్తారు. ఒళ్లు విరగ్గొట్టుకునేది డూపు, పోస్టరు మీద పేరు హీరోది. ఈ ఏర్పాటు గురించి తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

మీ తెల్లదనానికి వేరే చిట్కా ఏమీ లేదు, పడిపోవడమే. అలలు పాదాన్ని తొలుస్తాయి. వాననీరు పగుళ్లలోకి దిగుతుంది, చలికి గడ్డకట్టి వాటిని ఇంకాస్త తెరుస్తుంది. ఓ రోజు చెప్పాపెట్టకుండా పైనుంచి కిందదాకా ఒక చెక్క ఊడిపడుతుంది. కింద సముద్రం కొంతమేర తెల్లబడుతుంది, వెనక నుంచి మీ కొత్త ముఖం బయటపడుతుంది. మేం ‘అబ్బ, ఎంత తెలుపో’ అంటాం.

పోయిందేమిటో ఎవరం అడగం. డైనోసార్ల కాలంలో, కంటికి కనబడనంత చిన్న నాచుజీవులు సముద్రం అడుగున వదిలి వెళ్లిన సున్నపు పెంకులవి. పోగుపడిన వేగం వెయ్యేళ్లకు ఒకటి రెండు సెంటీమీటర్లు. మీ అక్కచెల్లెళ్లలో ఎత్తయిన హేవెన్ బ్రో 77 మీటర్లు ఉంటుంది. లక్షల ఏళ్లు కూడబెట్టిన ఆస్తిని ఒక్క మధ్యాహ్నం నీళ్లపాలు చేసే జమీందారులు మాకూ కొందరు తెలుసు గానీ, ఆ పని చేసి ఇంత అందంగా కనబడినవాళ్లు లేరు. (అన్నట్టు, మీరు ఏడుగురు అక్కచెల్లెళ్లని పేరే గానీ ఎక్కి దిగేవాళ్లకు ఎనిమిది గుట్టలు తగులుతాయి. మధ్యలో ఉన్న ఫ్లాట్ హిల్‌ను లెక్కలోంచి ఎందుకు తీసేశారో? ఉమ్మడి కుటుంబాల్లో ఇలాంటివి మామూలేలెండి.)

ఇక ఫిర్యాదులు. మీ పక్కనే బెల్ టూట్ అని ఒక లైట్‌హౌస్ ఉంది. 1832లో దాన్ని కట్టడంలో ఇంజనీర్లు చాలా తెలివి చూపించారు. ఓడ కొండకు మరీ దగ్గరికొస్తే దీపం అంచు చాటున పడి మాయమవ్వాలి, అది చూసి నావికుడు దూరం జరగాలి. లెక్కంతా మీరు కదలరన్న నమ్మకం మీద వేశారు. మీరేమో వెనక్కి జరగడం మొదలుపెట్టారు, లెక్క చెడింది. పైన పొగమంచు గొడవ ఒకటి. చివరికి 1902లో పక్కనున్న బీచీ హెడ్ కొండ కింద నీళ్లలో కొత్త లైట్‌హౌస్ నిలబెట్టి దీన్ని ఇంటికి పంపారు. ఇంట్లోనైనా ఉండనిచ్చారా? 1999 మార్చిలో 850 టన్నుల ఆ కట్టడాన్ని జాకీలతో పైకెత్తి, గ్రీజు పూసిన దూలాల మీద 17 మీటర్లు వెనక్కి తోసుకోవాల్సి వచ్చింది. భూసేకరణలో నోటీసు లేకపోవడం, పరిహారం లేకపోవడం మేం ఎరిగినవే. భవనమే పొర్లుదండాలు పెట్టుకుంటూ వెనక్కి వెళ్లడం మాత్రం ఇక్కడే చూశాం.

బర్లింగ్ గ్యాప్ సంగతి నవ్వుతో దాటేసేది కాదు. అంచు మీదున్న ఆ పల్లెలో 1878లో కోస్ట్‌గార్డు సిబ్బంది కోసం ఒక ఇళ్ల వరుస కట్టారు. ఒక చివర నుంచి ఒక్కొక్కటే తగ్గుతూ వస్తోంది. 2013-14 చలికాలం తుఫానులకైతే ఏడేళ్లలో పోవాల్సిన నేల రెండు నెలల్లో పోయింది. అడ్డుగోడ కట్టమని అక్కడివాళ్లు అడిగారు. కడితే ఏమవుతుందో డోవర్ చూసినవాళ్లకు తెలుసు. అందుకే కట్టలేదు, ప్రకృతి పని ప్రకృతిని చేసుకోనివ్వాలన్నారు. నేనూ ఆ పక్షమే. అయితే మా లండన్ తెలుగు బృందంలో ఆ పక్షం కానివాళ్లెవరూ లేరు. విక్టోరియాలో రైలెక్కి, ఈస్ట్‌బోర్న్‌లో దిగి, బస్సు పట్టుకుని వచ్చి, పులిహోర తిని సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లం కదా, ప్రకృతి మీద మాకు అపారమైన గౌరవం. అందం మా ఫోన్లలోకి వస్తుంది. ఇల్లు ఇంకొకరిది పోతుంది.

అయినా నేరమంతా మీ మీదే వేద్దామని కూర్చుంటే 2016లో వచ్చిన ఒక పరిశోధన అడ్డుపడింది. ఈ తీరంలోనే ఉన్న బీచీ హెడ్, హోప్ గ్యాప్‌ల దగ్గర చెకుముకి రాళ్లలో బెరీలియం-10 (అంతరిక్ష కిరణాలు తగిలేకొద్దీ రాళ్లలో పేరుకునే పదార్థం) ఎంత పేరుకుందో కొలిచి, మీ పాత నడవడికంతా బయటికి లాగారు. ఏడు వేల ఏళ్లలో చాలాకాలం మీరు ఏటికి 2 నుంచి 6 సెంటీమీటర్లే తగ్గారట. మహా మర్యాదస్తులు. గత 150 ఏళ్లలో అది 22-32 సెంటీమీటర్లకు చేరింది, అంటే ఏటా జానెడు నుంచి అడుగు దాకా. కింద గులకరాళ్ల బీచ్ పలచబడటమే కారణం కావచ్చంటున్నారు. మీలాంటి కొండల నుంచి రాలిన చెకుముకి రాళ్లే గులకరాళ్లై, పడమటి నుంచి తూర్పుకు దొర్లుకుంటూ వచ్చి మీ పాదాల దగ్గర అలల దెబ్బ తినేవి. ఆ దారిలో ఊళ్లవాళ్లం గోడలు కట్టుకున్నాం, సముద్రంలోకి అడ్డుకట్టలు వేసుకున్నాం, వచ్చే రాయిని వచ్చినట్టు మా ముంగిట్లో ఆపుకున్నాం. ఎగువ పొలాల్లో తూము మూస్తే దిగువవాడి గతి ఏమిటో తెలిసిన జాతి మాది, అయినా బీచ్ దగ్గర గుర్తు రాలేదు.

కాబట్టి నేరారోపణ వాపసు తీసుకుని, ఒక్క విన్నపంతో ముగిస్తాను. మీ మీద పచ్చగడ్డి కనబడినంత మేర కింద కొండ ఉందనుకుని మావాళ్లు చివరిదాకా నడుస్తారు, కాళ్లు వేలాడేసి కూర్చుంటారు, గెంతుతూ ఫొటో దిగుతారు. ఆ గడ్డి కింద బోలుగా ఉన్న సంగతి బీచ్‌లో నిలబడి తలెత్తినవాడికే కనబడుతుంది, అంచు మీదున్నవాడికి కనబడదు. బోర్డులున్నాయి, వాటి ముందు కూడా ఫొటోలు దిగుతున్నాం. మీరు పడేది ఎలాగూ తప్పదు గనక, వీలైతే సోమవారం తెల్లవారుజామున, జోరువానలో పడండి. ఆ వేళకు మాలో ఒక్కడూ దుప్పటి తియ్యడు.

ఇట్లు,
మీ తెల్లదనానికి ముగ్ధుడై, కంచెకు ఇవతలే నిలబడిన
ఒక సందర్శకుడు

తా.క.: బెల్ టూట్‌ను ఇప్పుడు అతిథిగృహం చేశారు. అవసరమైతే మళ్లీ జరపడానికి వీలుగానే 1999లో పునాది వేశారట. రెండోసారి జరిపే తేదీ మీకు ముందే తెలిస్తే ఒక ముక్క రాయండి. మేం సముద్రం వైపు గది అడిగాం.