183 రోజుల మాట నమ్మి కెనడా నుంచి కదలకండి

కెనడాలో ఉన్న మనవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఏడాదిలో 183 రోజులు దేశం బయట ఉంటే చాలు, కెనడా ట్యాక్స్ ఉండదట, టీఎఫ్‌ఎస్‌ఏలో (రాబడి మీద పన్ను పడని పొదుపు ఖాతాలో) మామూలుగానే డబ్బు వేసుకోవచ్చట, షేర్లు అమ్మకపోతే వాటి మీద పైసా కట్టక్కర్లేదట. మూడూ తప్పే. దుబాయ్ ఉద్యోగానికి సామాను సర్దుకుంటున్నవాళ్లు దీన్ని నమ్మి మునుగుతారనే నా బాధ.

183 రోజుల రూలు ఉన్నమాట నిజం, కానీ దాన్ని తిరగేసి చదివారు. బయటివాళ్లు కెనడాకు వచ్చి ఏడాదిలో అన్ని రోజులు ఉంటే వాళ్లను రెసిడెంట్‌గా, అంటే పన్ను విషయంలో ఇక్కడి నివాసిగా, లెక్కేస్తారు, అదీ రూలు. ఇక్కడినుంచి వెళ్లేవాళ్ల విషయంలో ముందు చూసేది ఇల్లు, భార్య లేదా భర్త, మీ మీద ఆధారపడిన పిల్లలు. మీరు దుబాయ్‌లో 340 రోజులు ఉన్నా సరే, మీ ఆవిడా పిల్లలూ బ్రాంప్టన్‌లో మీ సొంతింట్లోనే ఉంటే మీరు మామూలుగా కెనడా రెసిడెంటే, దుబాయ్ జీతం కూడా ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి. రెండు దేశాల పన్ను ఒప్పందం వల్ల లెక్క మారే కేసులు లేకపోలేదు, అది ఎవరికి వాళ్లు అకౌంటెంట్‌తో కూర్చుని తేల్చుకోవాలి. పాస్‌పోర్టుతో మాత్రం పనిలేదు, అమెరికాలా కెనడా పౌరసత్వాన్ని బట్టి పన్ను వేయదు.

టీఎఫ్‌ఎస్‌ఏ విషయానికొస్తే, ఉన్న ఖాతా అలాగే ఉంచుకోవచ్చు. నాన్ రెసిడెంట్ అయ్యాక కొత్తగా వేస్తేనే చిక్కు, వేసిన దాని మీద నెలకు 1 శాతం పెనాల్టీ. జనవరిలో 7,000 డాలర్లు వేసి మర్చిపోతే డిసెంబర్‌కల్లా 840 డాలర్లు పోయినట్టే, పైగా బయట ఉన్న పూర్తి సంవత్సరాలకు డబ్బు వేసుకునే కొత్త లిమిట్ కూడా రాదు.

అన్నిటికంటే ప్రమాదం మూడోది. రెసిడెన్సీ వదిలిన రోజున మీ షేర్లు ఆనాటి మార్కెట్ ధరకు అమ్మేసినట్టే లెక్క కడతారు. 40,000కి కొన్నవి 90,000 అయి ఉంటే, చేతికి ఒక్క డాలర్ రాకపోయినా లాభం 50,000, అందులో సగం ఆదాయంలో కలుస్తుంది. ఆర్‌ఆర్‌ఎస్‌పీ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా), టీఎఫ్‌ఎస్‌ఏ, కెనడాలో ఉన్న ఇల్లు దీని కిందికి రావు. హైదరాబాద్ ప్లాటు వస్తుంది! ఇది విని మనవాళ్లు చాలామంది ఉలిక్కిపడతారు. కెనడాకు రాకముందే కొన్న ప్లాటైతే, వచ్చిన రోజు ధర నుంచే లాభం లెక్కిస్తారు. వెళ్లడానికి ముందు పదేళ్లలో మొత్తం 60 నెలలు మించి ఇక్కడ రెసిడెంట్‌గా లేకపోతే అలాంటి ప్లాటుకు మినహాయింపే. పన్ను వెంటనే కట్టలేకపోతే టీ1244 ఫారంతో అమ్మేదాకా వాయిదా అడగొచ్చు. టీ1161 ఫారంలో చూపించాల్సిన ఆస్తుల విలువ 25,000 డాలర్లు దాటితే ఆ ఫారం కూడా ఇవ్వాలి, పన్నేమీ పడకపోయినా సరే. ఆలస్యమైతే రోజుకు 25 డాలర్ల చొప్పున 2,500 దాకా ఫైన్ పడుతుంది.